ఆటపాటలు: చదువా, విరామమా?

మన యిండ్లలోఁ బిల్లలను మందలించునపుడు వాడుకలో నున్న మాట యొకటి కలదు: "ఆటపాటలు కట్టిపెట్టి చదువుకో." ఈ మాట యనని తండ్రి యరుదు, వినని బిడ్డ లేనే లేఁడు. ఇందు ఆటయుఁ బాటయు నొకవైపునను, చదువు వేఱొకవైపునను నిలిచినవి. ఇంటిలో నిట్లు విడిపోయినవి బడిలోఁ గలియునని యాశించుట కష్టము. బడి కాలపట్టికను వ్రాయువారును ఈ యిండ్లలోఁ బెరిగినవారే గదా! కావున, ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకుఁ గల బాలబాలికలకు శాస్త్రములతోఁబాటు కళలను, వ్యాయామమును సమముగా నేర్పవలె నను నేఁటి ప్రణాళికలను విమర్శించుటకు ముందు, అవి యెంత పాతదైన యలవాటును ఎదిరింపవలసి యున్నవో గుర్తించుట న్యాయము.

ప్రణాళికలలోని మాటలకు లోపము లేదు. 2020 నాఁటి జాతీయ విద్యావిధానము పాఠ్యమునకును సహపాఠ్యమునకును నడుమ గోడ యుండరాదని చెప్పినది. 2023లో వెలువడిన పాఠశాలవిద్యా జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము 11 మొదలు 14 ఏండ్ల వఱకుఁ గల వయస్సును మధ్యమదశ యని పేర్కొని, మూఁడు భాషలు, గణితము, విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము అను వాని సరసనే కళావిద్యను, వ్యాయామవిద్యను, వృత్తివిద్యను గూర్చుండఁబెట్టినది. మఱుసటి యేఁట జాతీయ విద్యాపరిశోధన శిక్షణమండలి యాఱవ తరగతికి 'కృతి' యను కళాపుస్తకమును, 'ఖేల్ యాత్రా' యను క్రీడాపుస్తకమును బ్రకటించినది. 'కృతి'లోఁ జిత్రలేఖనముతోఁబాటు నాటకము, సంగీతము, నాట్యము చోటు చేసికొన్నవి. మన తాతలనాఁటి బడులలో డ్రాయింగు మాస్టరును డ్రిల్లు మాస్టరును ఉపాధ్యాయుల వరుసలోఁ గడపట నిలుచుట నెఱిఁగినవారికి ఇది చిన్న మార్పుగాఁ దోఁపదు.

అయినను పుస్తకము గంట కాదు. మన బడులలోఁ దక్కువైనది పుస్తకమా, గంటయా యనునదే విమర్శకుఁ డడుగవలసిన ప్రశ్న. భూగోళమును బుస్తకము చేతఁబట్టి కొంతవఱకు నేర్చుకొనవచ్చును. తాళము నట్లు నేర్చుకొనుట సాధ్యము కాదు. చేయి తొడపైఁ బడవలెను. తప్పినపుడు ఎదుటనున్న గురువు ఆపవలెను. మరల మొదటి నుండి యెత్తుకొనవలెను. దీనికిఁ గావలసినవి రెండే: నిత్యమైన కాలము, నేర్చిన మనుష్యుఁడు.

ఈ రెండును చట్టములోఁ గలవా? 2009లోఁ జేయఁబడి 2010 ఏప్రిల్ 1 నుండి యమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టపు ఁబట్టికలో 6 మొదలు 8 తరగతులకు ఏఁటికిఁ గనీసము 220 పనిదినములు, 1000 బోధనగంటలు విధింపఁబడినవి. వంద మందికి మించి పిల్లలున్న బడికిఁ గళావిద్యకు, ఆరోగ్యవ్యాయామవిద్యకు, పనివిద్యకు అంశకాలిక బోధకు లుండవలె ననియు నందుఁ గలదు. దినమునకు 40 నిమిషముల గంట యొక్కటి కళ కిచ్చినచో ఏఁటికి 146 గంటల 40 నిమిషము లగును. అది వేయి గంటలలో నేడవవంతునకుఁ గొంచెము మించును. వ్యాయామమునకు మఱియొక గంట యిచ్చినను రెండును గలసి 300 గంటలకు లోపుగనే యుండును. అక్కడికి 700 గంటలకుఁ బైగా భాషలకును, గణితశాస్త్రాదులకును మిగులును. "కాలము చాల" దను వాదము ఈ లెక్క యెదుట నిలువదు. చట్టము చెప్పిన వేయి గంటలు కనిష్ఠ మనియు, బడి యంతకంటె నెక్కువసేపు తెఱచియుండు ననియుఁ గూడఁ జదువరులు గమనింతురు గాక.

కాని యీ చట్టమునందే రెండు బొక్కలు గలవు. మొదటిది, 'అంశకాలిక' మను మాట. గణితోపాధ్యాయుఁడు బడిలో నుండువాఁడు. కళాబోధకుఁడు వచ్చి పోవువాఁడు. బడిలో నుండువానికిఁ బనియున్నపుడు వచ్చిపోవువాని గంట కరఁగిపోవుట సహజము. పరీక్షలు దగ్గఱపడఁగానే డ్రిల్లు పీరియడు లెక్కలకును, బొమ్మల పీరియడు ఇంగ్లీషునకును మాఱుటను ఉపాధ్యాయవృత్తిలో నున్న మాబోఁట్లము ఏఁటేఁటఁ జూచుచునే యున్నాము. ఆ గంటలు కాలపట్టికలో నుండును, గోడమీఁద నుండును, పిల్లల దేహములలో మాత్ర ముండవు. రెండవది, వంద యను సంఖ్య. పెనుగొండ, హిందూపురము, ధర్మవరము చుట్టును గల కొండపల్లెలలోఁ బిల్లలు తక్కువగా నుండు బడులకుఁ గొఱఁత లేదు. అట్టి బడిలో నలువది మంది బాలబాలికలున్నచో, వారు పాడనక్కఱలేదు, ఆడనక్కఱలేదు, చిత్రింప నక్కఱలేదని చట్టము చెప్పకయే చెప్పినట్లయినది. పట్టణమునకు దూరమైన కొలఁదియు, బడి చిన్నదైన కొలఁదియు, బిడ్డకుఁ గళ దూరమగుచున్నది. సమత్వము కొఱకుఁ జేయఁబడిన చట్టములో నిది సామాన్యమైన లోపము కాదు.

"పోనిండు, కళలు రాకున్న నేమి నష్టము? పొట్టకూటి చదువు ముందు కానిండు" అనువారికి మా సీమలోనే యొక యుదాహరణము గలదు. పుట్టపర్తి నారాయణాచార్యులవారు 1914లో అనంతపురము దగ్గఱి చియ్యేడులో జన్మించి, పెనుగొండలో బాల్యము గడపిరి. తండ్రి శ్రీనివాసాచార్యులవారి యొద్ద సంస్కృతాంధ్రములు, అక్కడి సబుకలెక్టరు భార్యయగు పిట్ దొరసాని యొద్ద నాంగ్లసాహిత్యము, వీనితోఁబాటు సంగీతము, నాట్యము — ఇన్నియు నా యూరిలో నా వయస్సుననే యాయన కబ్బినవి. ఆ చిన్ననాఁటనే యాయన శిథిలరాజధానిని జూచి 'పెనుగొండలక్ష్మి'ని రచించిరి. పిదప విద్వాన్ పరీక్షకుఁ గూర్చుండఁగా నా కావ్యమే యాయనకుఁ బాఠ్యమై యెదుటఁ బడినదని లోకమున వాడుక. అంతకంటె మన విషయమునకు ముఖ్యమైనది 'శివతాండవము'. ఆ గేయమును గన్నులతో మాత్రమే చదివినవానికి సగమే తెలియును. అందలి పాదములు గతులు మార్చుకొనుచు నడచును. ఒకచోట నడుగు బరువుగాఁ బడును, వేఱొకచోట మువ్వ తేలికగా మ్రోగును. తాండవమునకు ఎదురుగా లాస్యము వచ్చునపుడు మాటల బరువే మాఱిపోవును. నిఘంటువును వల్లించినవాఁ డీ పని చేయలేఁడు. తాళమును జేతితోను, అడుగును గాలితోను ఎఱిఁగిన కవికే యది సాధ్యము. అచ్చటఁ బాండిత్యము, సంగీతము, నాట్యము మూఁడు పీరియడులుగా లేవు; ఒకదానిలో నేర్చినది వేఱొకదానిలోఁ బని చేసినది.

ఇందుకు సమాధానముగా, "అందఱును నారాయణాచార్యులు కాఁగలరా?" యని యడుగుట గలదు. కాలేరు. అందఱును గవులు కావలెనని యెవరును గోరలేదు. గణితము నేర్చిన వారందఱును రామానుజములు కాలేదని గణితమును మానుకొన్నామా? ఆ బాలునిఁ జూచి మనము గ్రహింపవలసినది వేఱు. ఆయనకు నిండుచదువు దొరకుటకు బడి కారణము కాదు, అదృష్టము కారణము. పండితుఁడైన తండ్రి యుండుట యొక యదృష్టము. ఆ యూరికి సాహిత్యాభిమానము గల దొరసాని వచ్చుట యింకొక యదృష్టము. అదే యేఁట అదే యూరిలోఁ బుట్టిన చాకలి బిడ్డకుఁ గాని, నేఁతవాని బిడ్డకుఁ గాని యీ రెండును లేవు. సార్వజనిక విద్య యనఁగా అదృష్టవంతునకు దొరికిన దానిని అదృష్టము లేనివానికి హక్కుగాఁ జేయుట.

నేఁడు పరిస్థితి యెట్లున్నది? పట్టణములోఁ గాస్తంత కలిమి గల యిండ్ల పిల్లలు సాయంకాలము రుసుము చెల్లించి సంగీతమునకుఁ బోవుచున్నారు; నాట్యమునకుఁ బోవుచున్నారు; ఈఁతకును కరాటేకును బోవుచున్నారు. కూలివాని బిడ్డ బడి విడిచిన తరువాత మేఁకల వెంటనో, తమ్ముని నెత్తుకొనియో పోవుచున్నది. బడిలోఁ గళ లేకపోయినంత మాత్రమునఁ గళ లోకములో లేకుండఁబోదు. కొనఁగల యింటికిఁ బోవును. లెక్కలును సైన్సును అందఱికిని బడిలో నిచ్చి, రాగమును రంగును అంగడిలోఁ బెట్టినచో, మనము సమానవిద్య నిచ్చితి మనుకొనుట వట్టి భ్రమ. బీదబిడ్డకుఁ బొట్టకూటి చదువు చాలునను మాటలో దయ యున్నట్లు తోఁచును గాని, దాని లోపల బీదవానికి మనస్సు అక్కఱలేదను భావము దాఁగి యున్నది.

బాలికల విషయమున నీ ప్రశ్న మఱింత బరువైనది. వీరేశలింగముగారి కాలమున సంస్కర్తలు భోగముమేళములను నిరసించుటకు బలమైన కారణము గలదు. ఆఁడుబిడ్డలను దేవునిపేరఁ గట్టివేయు నాచారమును 1947లో మద్రాసు శాసనము నిషేధించుట మంచి పని. కాని యాచారముతోఁబాటు నాట్యమునే మర్యాదస్థుల యిండ్లనుండి వెలివేసితిమి. ఆ కళను వంశపారంపర్యముగాఁ గాపాడిన స్త్రీలు జీవనము గోల్పోయిరి. కొంతకాలమునకు అదే కళ వేఱుపేరుతో, వేఱుకులముల యిండ్లలోనికి గౌరవముగాఁ దిరిగి వచ్చినది. ఇంత జరిగినను మన యూళ్లలో ఏడవ తరగతి బాలిక మైదానములోఁ బరుగెత్తినచో "పెద్దదైనది, ఇంకను గంతులేమి?" యను ముసలమ్మలు మిగిలియే యున్నారు. పదునొకండవ యేఁట స్వేచ్ఛగాఁ బరుగెత్తిన పిల్ల పదుమూఁడవ యేఁట గోడనానుకొని నిలుచుట ప్రకృతి చేసిన పని కాదు, మనము చేసిన పని. బడి యా పిల్లకుఁ బ్రతిదినము నొక గంట మైదానమును హక్కుగా నిచ్చినచో, ఇంటివారి యనుమతి నామె యడుగవలసిన పని యుండదు. సంఘసంస్కారమును గోరు కుటుంబములకుఁ గాలపట్టికయే యొక సంస్కారపత్రమని నేను జెప్పుట యందులకే.

ఇఁకఁ జేతిపనుల మాట. మా సీమకు ఇందు లోటు లేదు. ధర్మవరములో మగ్గములు గలవు. ఆ మండలములోనే నిమ్మలకుంటలోఁ దోలుబొమ్మలు చేయు కుటుంబములు గలవు. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లోఁ బద్మశ్రీ పురస్కారము లభించినది. ఒక్క తోలుబొమ్మలో నెన్ని విద్యలు గలవో యోజింపుఁడు. తోలును బదును చేసి వెలుఁగు చొరునట్లు పలుచన చేయుట యొక విద్య. తెరవెనుక దీపమునకు ఏ రంధ్రము ఎంత మెఱయునో ఎఱిఁగి తొలుచుట యొక విద్య. రామాయణకథ నోటికి వచ్చుట, దానిని రాగమునఁ బాడుట, పాటకు సరిగాఁ గీళ్ల నాడించుట మూఁడు విద్యలు. వెలుఁగు నీడల పాఠమును భౌతికశాస్త్రపుస్తకములోఁ జదువుచున్న యేడవ తరగతి బాలుఁ డీ తెర వెనుక నొకదినము కూర్చుండినచో, ఆ పాఠ మతనికి మఱవ రాదు. చీర యంచులోని జాలరు గీఁతలు దారముల లెక్కపై నిలుచును. భిన్నములును సౌష్ఠవమును అక్కడఁ గంటికిఁ గనఁబడును.

ఇట్లు చెప్పునపుడు ఒక పెద్ద ప్రమాదమును దాఁటిపోరాదు. 1937లో వార్ధాలో గాంధీజీ నడిపిన సమావేశము చేతిపనిని విద్యకు నడిబొడ్డునఁ బెట్టినది. పిల్లల చేతిపని యమ్మకముతో బడి ఖర్చు గడచు నను భాగమును నాఁడే పలువు రాక్షేపించిరి. 1953లో మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచారిగారు గ్రామపాఠశాలల బోధనకాలమును దగ్గించి, మిగిలిన కాలమునఁ బిల్లలు తలిదండ్రుల వృత్తిని నేర్చుకొనవలెనని యొక పథకము దెచ్చిరి. మంగలి బిడ్డ మంగలియే, కుమ్మరి బిడ్డ కుమ్మరియే కావలెనా యని జనులు తిరగఁబడిరి. దానిని 'కులవిద్య' యని పిలిచిరి. మఱుసటి యేఁట కామరాజుగారి ప్రభుత్వము దానిని రద్దు చేసినది. ఆ తిరుగుబాటు న్యాయమైనది. బడిలోఁ జేతిపని యనఁగా నేఁతవాని బిడ్డను మరల మగ్గపు గుంటలోనికి దింపుట యని యర్థమైనచో, నే నా బడికి శత్రువును. మగ్గమును వైశ్యుని బిడ్డయు, బ్రాహ్మణుని బిడ్డయు, రైతుబిడ్డయు నేర్వవలెను. నేఁతవాని బిడ్డ వీణయు, త్రికోణమితియు నేర్వవలెను. ఎవని యింటి విద్య వాని కిచ్చుట విద్యాదానము కాదు. ప్రతివాని యింటి విద్యను అందఱికిఁ బంచుటయే విద్యాదానము. మఱియు నేర్పుటకు వచ్చిన కళాకారునకు బడి జీతమిచ్చి 'గురువుగారూ' యని పిలువవలెను. ఏఁటికొకసారి రప్పించి శాలువ కప్పి పంపినంత మాత్రమున నతఁడు గురువు గాఁడు.

శాలువమాట వచ్చినది గనుక వార్షికోత్సవముల మాటయు నాడవలెను. మా పుట్టపర్తిలో ఏఁటేఁట జనవరిలో శ్రీ సత్యసాయి విద్యాసంస్థల విద్యార్థులు కొండప్రక్క క్రీడారంగమున నాటలను, విన్యాసములను, సాంస్కృతిక ప్రదర్శనములను నిర్వహింతురు. చూడవచ్చిన తలిదండ్రులు తమ బడిలోను అట్టిది కావలె ననుకొని యింటికిఁ బోవుదురు. కాని యట్టి ప్రదర్శనము వెనుక నెన్నో దినముల యభ్యాస ముండునని మఱవరాదు. అందులోను, విద్యార్థులు బడియందే నివసించు సంస్థలకు ఉదయము, సాయంకాలము చేతిలో నుండును. మదనపల్లె యొద్ద జిడ్డు కృష్ణమూర్తిగారి సంకల్పముతో వెలసిన ఋషివ్యాలీ బడికిని ఇదే సౌకర్యము గలదు. నాలుగు గంటలకు గంట కొట్టఁగానే బస్సునకుఁ బరుగెత్తు పిల్లలుగల పగటిబడి, ఆ ప్రదర్శనమును మాత్రము అనుకరించి, అభ్యాసకాలమును గల్పింపకున్నచో ఏమగును? పండుగకుఁ బదునైదు దినముల ముందు బాగుగా నాడఁగల యెనమండుగురిని ఏరి, సినిమాపాటకు నడుగులు గఱపి, తక్కినవారిని జప్పట్లు కొట్టుటకుఁ గూర్చుండఁబెట్టుదురు. ఆ యెనమండుగురును నేర్చినది కొంచెము. కూర్చున్నవారు నేర్చినది, కళ తమది కాదని.

కళకుఁ బరీక్ష యెట్లు పెట్టవలె నను ప్రశ్నకుఁ గాళిదాసు నాఁడే దారి చూపినాఁడు. 'మాలవికాగ్నిమిత్ర'ములో గణదాసహరదత్తు లను నాట్యాచార్యు లిద్దఱు ఎవరధికులని కలహింతురు. మధ్యవర్తినియైన పరివ్రాజిక వారిచేత వాదము చేయింపక, నాట్యము ప్రయోగముచేతఁ దెలియవలసిన విద్య గనుక శిష్యులను జూపుఁడని కోరును. గురువు గొప్పతనమునకు శిష్యురాలి నాట్యమే సాక్ష్య మైనది. కళావిద్యకుఁ బ్రశ్నపత్ర మచ్చొత్తించి, "రాగ మనఁగా నేమి? అయిదు పంక్తులలో వ్రాయుము" అని యడుగు బడులు ఈ దృశ్యమును మరల నొకసారి చదువుట మేలు. ఏఁడాది మొదట నా పిల్ల గొంతు శ్రుతిలో నిలువలేదు, ఏఁడాది చివర నిలిచినది — ఇదే పరీక్ష, ఇదే ఫలితము. ప్రక్కపిల్లతోఁ బోల్చి మార్కు వేయవలసిన పని లేదు.

శ్రుతి యనుట వలన నొక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. మన జాతీయగీతమునకు స్వరలిపి 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో, రవీంద్రులు విడిది చేసిన దినములలో, మార్గరెట్ కజిన్సు చేత వ్రాయఁబడినది. ప్రతిబడిలోఁ బ్రతిదినమును బిల్లలందఱును గలసి పాడునది ఆ యొక్క పాటయే. దానినైనను శ్రుతిలోఁ బాడించు బడు లెన్ని? ప్రారంభస్వరము నిచ్చుట కొక పెట్టె, దానిని మీటఁగల యొక యుపాధ్యాయుఁడు చాలును. ఇంత చిన్న పనిని జేయలేని బడి 'కృతి' పుస్తకమును గొని యేమి చేయును?

కావున నా కోరికలు కొద్దివి. మొదటిది, కళకును వ్యాయామమునకును దినమున కొక్కొక్క గంట యుండవలెను. అవి కడపటి గంటలు గాక ప్రొద్దుటి గంటలుగా నుండవలెను. పరీక్షామాసములోను వానిని ఎవరును ముట్టరాదు. రెండవది, వంద మందికిఁ దక్కువైన బడులను నాలుగైదింటిని గలిపి, వానికి నడుమఁ దిరుగు కళాబోధకు నొకనిని, వ్యాయామబోధకు నొకనిని బూర్తి జీతముతో నియమింపవలెను. మూఁడవది, నిమ్మలకుంటవంటి యూళ్ల కళాకారులను పట్టా లేదను సాకుతోఁ దిరుగఁగొట్టరాదు. నాలుగవది, వార్షికోత్సవమునఁ బ్రతిబిడ్డయు నేదో యొకటి చేసి చూపవలెను. ఏరి తీసిన యెనమండుగురి యుత్సవము తరగతి యుత్సవము కాదు.

ఇవి ప్రభుత్వము చేయవలసిన పనులని చదువరులు చేతులు దులుపుకొనరాదు. మార్కుల పట్టికను జూచి ప్రధానోపాధ్యాయుని నిలదీయుట మన కలవాటే. ఈసారి బడికిఁ బోయినపుడు ఇంకొక రెండు ప్రశ్నలు గూడ నడుగుఁడు: "మా పిల్ల పాట యే గంటలో నేర్చుకొనుచున్నది? నేర్పువారెవరు?" ఈ ప్రశ్నలకు జవాబు లేని బడిలో నిండుచదువు లేదని తెలిసికొనుఁడు. తలిదండ్రు లడుగనంత కాలము ఆ గంట లెక్కలకే పోవుచుండును; అడిగిన దినమున నది పిల్లలకుఁ దిరిగి వచ్చును.